నియంత్రిత రోదనం: శిశువు మౌనం – ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

మాటలు రాని శిశువుకు ఏడుపే భాష. ఆకలి, తడి, నొప్పి, భయం, ఒంటరితనం ఆ ఒక్క ధ్వనిలోనే వ్యక్తమవుతాయి. ‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అనే తెలుగు సామెత అడగవలసిన అవసరాన్ని చెబుతూనే, అడిగితే అమ్మ తప్పక పెడుతుందన్న విశ్వాసాన్ని కూడా ధ్వనింపజేస్తుంది. రాత్రివేళ ఈ విశ్వాసాన్ని కొంతసేపు పక్కన పెట్టమని తల్లిదండ్రులకు సూచించే పద్ధతి ‘నియంత్రిత రోదనం’. శిశువు ఏడుపు ఆపినప్పుడు ఆ మౌనానికి అర్థమేమిటి? ఆ అర్థం నిశ్చయంగా తెలియనప్పుడు పెద్దల బాధ్యత ఏమిటి? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

వాద నేపథ్యం

అలవాటుకొద్దీ ఏడ్చే బిడ్డను ఏడవనివ్వడమే మేలని అమెరికన్ శిశువైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ 1894లో వెలువరించిన శిశుపోషణ గ్రంథంలో సూచించాడు. 1928లో మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ పిల్లలను అతిగా ముద్దుచేయడమే దోషమన్నాడు. దీనికి భిన్నంగా, తల్లికి దూరమైన పిల్లల మానసిక స్థితిపై జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదిక, బిడ్డకు స్థిరమైన ఆత్మీయ సాన్నిధ్యం అత్యవసరమని ప్రతిపాదించింది. తరువాతి వాదాలన్నీ ఈ రెండు ధ్రువాల మధ్యనే సాగాయి.

1985లో బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి బిడ్డను పూర్తిగా వదిలివేయమని చెప్పదు. మెలకువగా ఉండగానే పడుకోబెట్టి, ఏడిస్తే క్రమంగా పెరిగే విరామాలతో వెళ్లి ఊరడించి రావాలన్నది అందులోని క్రమం. దీని వెనుక ఒక తర్కం ఉంది. శిశువులందరూ రాత్రి పలుమార్లు మేల్కొంటారు. ఒడిలో నిద్రపోయిన బిడ్డ మేల్కొన్నప్పుడు మళ్లీ ఒడినే వెతుక్కుంటుంది. తనంతట తాను నిద్రపోవడం తెలిసిన బిడ్డ మళ్లీ కళ్లు మూసుకుంటుంది.

పరిశోధనల సాక్ష్యం

మెల్‌బోర్న్ పరిశోధకులు నిద్రా శిక్షణ ప్రభావాన్ని ఆరేళ్ల వయసు వరకు పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. 326 మంది పిల్లలతో మొదలైన ఆ అధ్యయనంలో శిక్షణ పొందినవారికీ పొందనివారికీ మధ్య దీర్ఘకాలిక హాని గాని, మేలు గాని కనిపించలేదు. అయితే తొలి సంవత్సరాలలో తల్లుల కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. 43 మంది శిశువులతో ఆస్ట్రేలియాలోనే జరిగి 2016లో వెలువడిన మరొక అధ్యయనం కూడా తల్లీబిడ్డల అనుబంధానికి లోపం కలగలేదని తేల్చింది.

మరోవైపు 2012లోనే వెలువడిన, 25 మంది శిశువులపై జరిగిన ఒక అధ్యయనం కలవరపరిచే అంశాన్ని ముందుకు తెచ్చింది. శిక్షణ మూడవ రాత్రికి బిడ్డలు ఏడవడం మానినా, వారిలో ఒత్తిడిని సూచించే కార్టిసోల్ స్థాయి తగ్గలేదు. ఏడుపు వినబడక తల్లులలో మాత్రం తగ్గింది. పోలికకు మరొక శిశు బృందం లేనందువల్ల ఈ అధ్యయనం నిర్ణాయకం కాదన్న విమర్శ సమంజసమైనదే. అయినా అది లేవనెత్తిన ప్రశ్న మిగిలే ఉంది: ఆ మౌనం ప్రశాంతతా, నిరాశా?

మౌనం అంగీకారమా?

‘మౌనం అర్ధాంగీకారం’ అనే లోకోక్తి కాదనగల శక్తి ఉన్నవారికే వర్తిస్తుంది. శిశువు కాదనడానికి ఉన్న ఏకైక సాధనం ఏడుపు. దానికి ప్రతిస్పందన ఆపివేసి, తరువాత కలిగిన మౌనాన్ని సమ్మతిగా లెక్కించడం తర్కదోషం. మంచంపట్టిన వృద్ధుడు రాత్రి పిలిచి పిలిచి నిద్రపోతే, తెల్లవారి ఆయనకు ఏ హానీ జరగకపోయినా, పలకనివారి ప్రవర్తన ప్రశ్నార్హమే అవుతుంది. కనుక ‘హాని లేదు’ అన్న నిర్ధారణ ‘ధర్మమే’ అన్న నిర్ధారణకు సమానం కాదు.

అయితే బిడ్డను ఏడిపించే ప్రతి చర్యా అధర్మమనడం కూడా నిలవదు. టీకా వేయించేటప్పుడు బిడ్డ ఏడుస్తుంది. పాలు మాన్పించడానికి చన్నులకు వేపాకు ముద్ద రాసే అలవాటు తెలుగు ఇళ్లకు కొత్త కాదు. అప్పుడూ బిడ్డ రాత్రుళ్లు ఏడ్చింది. తేడా ఆ దుఃఖ సమయంలో బిడ్డ పక్కన ఎవరున్నారన్నదే. పాలు దొరకని బిడ్డకు అమ్మమ్మ ఒడి దొరికింది.

పలికేవారు ఎవరు?

మానవశాస్త్రవేత్త రిచర్డ్ ష్వీడర్, ఆయన సహ పరిశోధకులు భువనేశ్వర్, షికాగో కుటుంబాలలో ఎవరి పక్కన ఎవరు పడుకుంటారన్న విషయాన్ని పోల్చి చూశారు. పడక ఏర్పాట్లలో నైతిక క్రమం దాగి ఉంటుందని వారు నిరూపించారు. అక్కడ బలహీనులను కాపాడడం ప్రధాన ధర్మమైతే, ఇక్కడ దంపతుల ఏకాంతమూ బిడ్డ స్వావలంబనా ప్రధానమయ్యాయి. పురిటికి పుట్టింటికి వెళ్లడం, ఉయ్యాల, జోలపాట మొదలైన తెలుగు సంప్రదాయాలు మొదటి క్రమానికి చెందినవే. జోలపాట తల్లి ఒక్కతే పాడవలసినది కాదు; ఇంట్లో ఎవరైనా పాడవచ్చు.

దీన్నిబట్టి ఉమ్మడి కుటుంబాన్ని ఆదర్శీకరించడం తొందరపాటు. ఆ ఇళ్లలో రాత్రంతా బిడ్డతో మేల్కొని, తెల్లవారగానే వంటింట్లోకి నడిచిన కోడలి అలసట ఏ పాటలోనూ వినబడదు. నేడు అమెరికాలోని తెలుగు దంపతులు పురిటి సాయానికి తల్లినో అత్తనో పిలిపించుకుంటారు. సందర్శక వీసా గడువు తీరి ఆమె వెళ్లిపోయాక, ఉదయమే ఉద్యోగానికి పోవలసిన బాలింత అర్ధరాత్రి ఒంటరిగా మిగులుతుంది. ఆ స్థితిలో నియంత్రిత రోదనాన్ని ఆశ్రయించడాన్ని క్రూరత్వమనలేము. పిలిచినా ఎవరూ పలకని స్థితి ఆమెది కూడా.

ముగింపు

శిశువు పిలుపుకు పలకడం ధర్మమే. కాని ఆ ధర్మం తల్లి ఒక్కదానిది కాదు. తండ్రిది, బంధువులది, సెలవు ఇవ్వవలసిన యాజమాన్యానిది కూడా. ‘తల్లి బిడ్డను ఏడవనివ్వవచ్చునా?’ అన్న ప్రశ్నకు ముందు ‘పలికేది ఆమె ఒక్కతే ఎందుకైంది?’ అన్న ప్రశ్న వేయవలసి ఉంది. అలసట భరించరానిదైనప్పుడు, ఆరోగ్యంగా ఎదుగుతున్న బిడ్డ విషయంలో ఈ పద్ధతిని అనుసరించవచ్చు. అయితే దానిని శిశువు సమ్మతించిన పాఠంగా కాక, ఇంటి నిస్సహాయత వల్ల శిశువు మోసిన భారంగా గుర్తించాలి. అలా గుర్తించినవారు బిడ్డ మౌనం వహించిన తరువాత కూడా తలుపు దగ్గర చెవి ఒగ్గి వింటారు.