పెంపుడు కుక్క మరణం: మైల, గండం, శోకం

సందేహం: పద్నాలుగేళ్లు ఇంట్లో ఒకరిగా పెరిగిన కుక్కకు మూత్రపిండాలు చెడిపోయి, తిండి మాని, లేవలేని స్థితి వచ్చింది. పశువైద్యుడి సలహా మీద ఇంటివారు దాని బాధ ముగించే ఇంజెక్షనుకు ఒప్పుకొన్నారు. అది పోయాక ఇంటి పెద్దావిడ "మన మీదికి రావలసిన గండాన్ని అది తీసుకుపోయింది" అంటున్నది. చుట్టుపక్కలవారు కుక్క కోసం ఇంత ఏడుపేమిటని అంటున్నారు. ఇలాంటి మరణానికి మైల ఉంటుందా? కర్మ చేయించవచ్చునా? ఇంజెక్షనుకు ఒప్పుకొన్నవారికి పాపం అంటుతుందా? ఆ జీవికి సద్గతి ఉంటుందా? దాని ఫొటోను పూజగదిలో పెట్టుకోవచ్చునా?

సమాధానం: ఇలాంటి సమయంలో ఓదార్చడానికి వచ్చినవారు ముందుగా ఎత్తుకునేది ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథనే. ఆ కుక్క స్వర్గానికి వెళ్లినట్లే ఇదీ వెళుతుందని చెప్పడం పరిపాటి. చెప్పేవారి మనసు మంచిదే గాని, కథలో ఉన్నది మాత్రం అది కాదు. మహాభారతంలో పదిహేడోదైన మహాప్రస్థానిక పర్వంలో, తెలుగులో తిక్కన సోమయాజి రచించిన భాగంలో, హస్తినాపురం నుంచి పాండవులనూ ద్రౌపదినీ అనుసరించి వచ్చిన ఆ కుక్క చివరకు ధర్మదేవతగా నిజరూపం చూపింది కాబట్టి, స్వర్గం చేరిన కుక్క అంటూ ఆ ఘట్టంలో లేనే లేదు. అక్కడ తేలినది కుక్కకు కలిగిన గతి కాదు, అది నమ్మి వెంట వచ్చిన మనిషి కర్తవ్యం.

ఆ సంవాదాన్ని కొంత నిదానంగా చూడవలసి ఉంటుంది. కుక్కను వదిలి రథమెక్కమన్న ఇంద్రుడు, కుక్కలను పెంచేవారికి స్వర్గంలో చోటు లేదనీ, వారి ఇష్టాపూర్తాల ఫలాన్ని, అంటే యజ్ఞాలు చేయడంవల్లా చెరువులు, బావులు తవ్వించడంవల్లా వచ్చిన పుణ్యాన్ని, క్రోధవశులనే గణం హరించివేస్తుందనీ హెచ్చరించాడు. ధర్మరాజు ఆ నియమం తప్పని వాదించలేదు. నమ్మి వచ్చినదాన్ని విడిచిపెట్టడం బ్రహ్మహత్యతో సమానమని, తన సుఖం కోసం ఆ పని చేయలేనని మాత్రమే అన్నాడు. అప్పుడు ఇంద్రుడు, తమ్ములనూ భార్యనూ దారిలో వదిలి వచ్చినవాడికి ఒక్క కుక్క దగ్గర ఇంత పట్టుదల ఎందుకని నిలదీశాడు. చనిపోయినవారితో పొత్తూ ఉండదు, పగా ఉండదు, వారిని బతికించడం తన చేతిలో లేదు, ప్రాణంతో ఉండగా వారిలో ఎవరినీ విడవలేదు, ప్రాణంతో ఉన్న దీన్ని మాత్రం విడవకూడదు అన్నది ధర్మరాజు జవాబు. పైకి కటువుగా వినిపించే ఈ జవాబులోనే పాఠకుల సందేహాలలో సగానికి పైగా తీరిపోతాయి. పోషణలో ఉన్న ప్రాణి బతికి ఉన్నంతకాలం దానికి చేయవలసినదాన్ని ధర్మశాస్త్రం గట్టిగా పట్టుకుంది. అది పోయిన తరువాత చేయవలసినవాటిని చాలావరకు మనిషి హృదయానికే వదిలిపెట్టింది.

మైల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. మృతాశౌచం సపిండులకు, అంటే ఏడు తరాల లోపలి దాయాదులకు, ఇంకా శాస్త్రం పేర్కొన్న మరికొందరు బంధువులకు వర్తించే నియమం. పెంపుడు జంతువు ఎంత ప్రియమైనదైనా దాని మరణంవల్ల పది రోజుల మైల గాని, దేవతార్చన మానవలసిన అవసరం గాని కలగదు. కళేబరం తీసుకువెళ్లాక ఇల్లు కడిగి, స్నానం చేసి, దీపం పెట్టుకొంటే చాలు.

కర్మకాండ విషయంలో కొంత వివరణ అవసరం. అంత్యేష్టి, అంటే మంత్రపూర్వకమైన దహనసంస్కారం, గర్భాధానంతో మొదలయ్యే సంస్కారాల వరుసలో చివరిది. ఆ వరుసలో లేని ప్రాణికి దాన్ని చేయించడంలో అర్థం లేదు. ఇది చిన్నచూపు కాదని గ్రహించడానికి స్మృతుల్లోనే ఆధారం ఉంది: రెండేళ్లు నిండని పసిబిడ్డ మరణిస్తే అగ్నిసంస్కారమూ ఉదకదానమూ లేకుండా భూమిలో ఉంచాలని మనుస్మృతి చెబుతుంది. ఆ బిడ్డ తల్లిదండ్రులకు ప్రియం కానిది అనడానికి ఎవరికీ నోరు రాదు గదా. కాబట్టి కుక్కను పెరట్లో గాని పొలంలో గాని పూడ్చిపెట్టడమే మన ఊళ్లలోని పాత పద్ధతి, అది సరైనదే. పెరడు లేని నగరవాసులు హైదరాబాదు ఫతుల్లాగూడలో ఉన్నటువంటి, జంతువుల కోసమే ఏర్పాటైన వాటికలను ఆశ్రయించడంలోనూ దోషం లేదు.

రామాయణం తెలిసిన పాఠకులు ఇక్కడ జటాయువును గుర్తుచేయవచ్చు. అరణ్యకాండలో రాముడు ఆ పక్షికి స్వయంగా చితి పేర్చి దహనం చేసి, గోదావరిలో ఉదకం విడిచిన మాట నిజమే. అయితే జటాయువు దశరథుడికి మిత్రుడు, రాముడు తండ్రిలా భావించినవాడు; ఆ కర్మ మిత్రధర్మాన్ని అనుసరించి జరిగినదే గాని పెంపుడు ప్రాణులన్నిటికీ విధిగా ఏర్పడినది కాదు. పితృకర్మ చేసే అలవాటున్న ఇళ్లలో ఇంకొక మార్గం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. నిత్యతర్పణం చివరలో బ్రహ్మ మొదలు గడ్డిపోచ వరకు ఉన్న సమస్త ప్రాణులకూ, ఈ జన్మలో బంధువులైనవారికీ కానివారికీ, వేరే జన్మలో బంధువులైనవారికీ కలిపి నీరు విడుస్తారు. గయాశ్రాద్ధంలోనైతే పశుపక్ష్యాదుల జన్మలో ఉన్నవారికోసం కూడా పిండం ఉంది. ఆ నీరు వదిలే క్షణంలో చనిపోయిన కుక్కను తలచుకొంటే సంప్రదాయంలో దేనికీ భంగం రాదు. దానికోసం ప్రత్యేకంగా పురోహితుడిని పిలిచి పదకొండో రోజు, పన్నెండో రోజు అని జరిపించడం మాత్రం ఈ మధ్య కొన్నిచోట్ల కనిపిస్తున్న, శాస్త్రంతో సంబంధం లేని ఖర్చు.

ఇక గండం. ఇంటి యజమానికి రావలసిన ఆపదను పెంపుడు జంతువు తన మీద వేసుకొని పోతుందన్న నమ్మకం తెలుగు నేల మీద దాదాపు అంతటా వినిపించేదే. ఇది కర్మసిద్ధాంతానికి పొసగదు. చేసిన కర్మకు ఫలం దక్కకపోవడాన్ని కృతహాని అనీ, చేయని కర్మకు ఫలం వచ్చి మీద పడడాన్ని అకృతాభ్యాగమం అనీ దార్శనికులు పిలిచారు. ఈ రెంటిలో ఏది సంభవిస్తుందన్నా కర్మసిద్ధాంతమే కూలిపోతుందని వారు తేల్చారు. యజమాని గండం కుక్కకు చుట్టుకొందంటే ఆయన పక్షాన మొదటి దోషం, కుక్క పక్షాన రెండో దోషం ఏకకాలంలో వస్తాయి. పైగా జంతుజన్మను భోగయోని అంటారు; అంటే పూర్వకర్మ ఫలాన్ని అనుభవించి తీర్చుకోవడానికి వచ్చిన జన్మ, కొత్తగా పుణ్యపాపాలు మూటగట్టుకొనేది కాదు. పద్నాలుగేళ్లు బతికి మూత్రపిండాలు చెడి పోయిన కుక్క దాని ఆయుస్సు తీరి పోయింది, అంతే.

ఈ నమ్మకంలో సిద్ధాంతదోషం కన్నా బాధించేది మరొకటి ఉంది. ప్రేమతో పెంచిన ప్రాణిని గుమ్మానికి వేలాడదీసిన దిష్టి గుమ్మడికాయ స్థానంలోకి దించి, దాని చావును ఇంటివారి లాభం లెక్కలో వేయడం అందులో దాగి ఉంది. అయినా ఇంటి పెద్దావిడతో ఈ విషయమై వాదం పెట్టుకోవలసిన పని లేదు. ఆ తరం ఆడవారు చనిపోయిన ప్రాణికి కృతజ్ఞత చెప్పుకోవడానికి వాడే మాట అది, శాస్త్రార్థం కోసం అన్నది కాదు.

పాఠకుల సందేహాలలో బరువైనది ఇంజెక్షనుకు సంబంధించినది. పతంజలి యోగసూత్రాలు హింసను స్వయంగా చేసినది, చేయించినది, ఆమోదించినది అని మూడు విధాలుగా విభజించాయి కాబట్టి, సూది వేసినది వైద్యుడు గదా అని తప్పుకోవడానికి ఇంటివారికి వీలు లేదు. అయితే ఆ సూత్రమే హింసకు మూలాలుగా లోభాన్ని, క్రోధాన్ని, మోహాన్ని చూపింది. మందుల ఖర్చు మిగులుతుందని, రాత్రిళ్లు లేచి శుభ్రం చేసే బాధ తప్పుతుందని ఒప్పుకొన్నవారికి లోభం వర్తిస్తుంది, వారిని సమర్థించే వాక్యం ఏ గ్రంథంలోనూ దొరకదు. చేయించదగిన వైద్యమంతా చేయించి, ఇక మిగిలింది నొప్పి ఒక్కటే అని తెలిశాక ఒప్పుకొన్నవారి సంగతి వేరు. 1928లో సబర్మతి ఆశ్రమంలో నయం కాని బాధతో విలవిల్లాడుతున్న ఒక దూడకు గాంధీజీ ఇంజెక్షను ఇప్పించి దాని ప్రాణం తీయించినప్పుడు దేశమంతటి నుంచి నిరసనలు వచ్చాయి. అది హింస కాదు, అహింసేనని ఆయన తన పత్రికల్లో వాదించి, ఆ నిర్ణయానికే కట్టుబడ్డారు. గాంధీజీ స్మృతికర్త కారు. ప్రారబ్ధాన్ని అనుభవించనీయకుండా మధ్యలో తెంచే అధికారం ఎవరికీ లేదనే సంప్రదాయజ్ఞుల పక్షం నేటికీ బలంగానే ఉంది. ఆ రెండు పక్షాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, లోభమోహాలు లేని అంగీకారాన్ని వధ అనడం న్యాయం కాదనిపిస్తుంది, దోషలేశం కూడా లేదనడం తొందరపాటు అనిపిస్తుంది. మనసు కుదుటపడనివారికి మనుస్మృతి పదకొండో అధ్యాయంలోనే దారి ఉంది. పిల్లి, ముంగిస, కప్ప, కుక్క, కాకి వంటి ప్రాణులను చంపిన దోషానికి అక్కడ చెప్పిన ప్రాయశ్చిత్తాలలో తేలికైనవి మూడు రాత్రులు పాలు మాత్రమే తాగి ఉండడం, యోజన దూరం నడవడం, నదీస్నానం, జలదేవతా సూక్తాన్ని జపించడం. వీటిలో ఒకటి చేసుకొని ఆ తలపును అక్కడితో వదిలిపెట్టడం మంచిది. ఆ పట్టిక చదివితే ఇంకొకటి కూడా తెలుస్తుంది: కుక్క ప్రాణాన్ని స్మృతికారులు లెక్కలోకి తీసుకొన్నారు.

ఈ మాట చెప్పవలసి రావడానికి కారణం, కుక్క అపవిత్రమని గ్రంథాలే అన్నాయి గదా, దానికింత ఎందుకనేవారు ఉండడం. శునకస్పర్శకు స్నానం చెప్పిన మాటా, శ్రాద్ధభోజనం మీద దాని చూపు పడకూడదన్న మాటా నిజమే. అదే గ్రంథాలు గృహస్థు రోజూ చేయవలసిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞాన్ని చేర్చి, వండిన అన్నంలో కొంత కుక్కలకు, కాకులకు, పురుగులకు నేలమీద ఉంచాలన్నాయి. శుచినియమం యజ్ఞశాల, మడివంట ఉన్నంతమేరకే. కరుణకు అది హద్దు కాదు. తెలుగువారి ఆదికావ్యమే ఇందుకు సాక్షి. నన్నయ భారతం ఆదిపర్వంలో దేవశునకమైన సరమ తన కొడుకును ఏ తప్పూ లేకుండా కొట్టారని జనమేజయుడి దగ్గరకు వచ్చి నిలదీస్తుంది, అనుకోని ఆపద వస్తుందని చెప్పి వెళుతుంది. చక్రవర్తి దానికి శాంతి చేయించడానికి తగిన పురోహితుడిని వెతుక్కోవలసి వచ్చింది.

ఏడుపు గురించి అడిగినవారిని సాధారణంగా జడభరతుడిని చూపి భయపెడతారు. భాగవతం పంచమస్కంధంలో భరతుడు రాజ్యం వదిలి గండకీతీరాన తపస్సు చేసుకొంటూ, తల్లి చనిపోయిన జింకపిల్లను నీటి నుంచి కాపాడి పెంచి, దాని ధ్యాసలో నిత్యకర్మలు ఒక్కొక్కటిగా జారవిడిచి, అంత్యకాలంలోనూ దాన్నే చూస్తూ ప్రాణం విడిచి జింకగా పుట్టాడు. అక్కడ తప్పు జింకను కాపాడడం కాదు, సర్వసంగాలూ విడిచినవాడు విడిచిన దానికోసం మళ్లీ కట్టుబడడం. సంసారంలో ఉన్న గృహస్థుకు పోష్యవర్గంపై మమకారం సహజధర్మమే. అతడు చూసుకోవలసినది ఆ శోకంలో పడి తల్లిదండ్రులనూ పిల్లలనూ చేయవలసిన పనులనూ నిర్లక్ష్యం చేయకుండా ఉండడం. పండితులు శోకించరని గీతలో అన్నది యుద్ధభూమిలో కర్తవ్యం వదిలి కూర్చున్నవాడితో; ఇంట్లో కన్నీళ్లు పెట్టుకొన్నవారి నోరు మూయించడానికి ఆ వాక్యాన్ని వాడడం దాన్ని చిన్నబుచ్చడమే. సీత అపహరణ కలిగించిన దుఃఖం కంటే తనకోసం ప్రాణం విడిచిన జటాయువు మరణమే ఎక్కువ బాధిస్తున్నదని లక్ష్మణుడితో అన్న రాముణ్ణి ఎవరూ అజ్ఞాని అనలేదు.

సద్గతి విషయంలో పురాణాల ఉదారత తెలుగువారికి కొత్త కాదు. సాలెపురుగు, పాము, ఏనుగు ముక్తి పొందిన క్షేత్రం శ్రీకాళహస్తి; ధూర్జటి దాని మాహాత్మ్యాన్నే కావ్యం చేశాడు. వంగదేశపు శివానందసేనుడి వెంట పూరీకి బయలుదేరి, చైతన్య మహాప్రభువు చేతి ప్రసాదం తిని వైకుంఠం చేరిన కుక్క కథ చైతన్య చరితామృతంలో ఉంది. తిరువణ్ణామలైలోని రమణాశ్రమంలో 1948లో మరణించిన లక్ష్మి అనే ఆవు సమాధి పక్కనే ఒక కాకికి, ఒక జింకకు, జాకీ అనే కుక్కకు సమాధులు ఈనాటికీ చూడవచ్చు. అయితే ఈ ఉదాహరణల్లో ప్రతిదానికీ భగవత్సంబంధమో, మహాత్ముల సన్నిధో కారణంగా చెప్పారు. ప్రతి పెంపుడు కుక్కా ముక్తి పొందుతుందని వీటి ఆధారంగా హామీ ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. భోగయోనిలో ఒక కర్మభాగం తీరిపోయింది కాబట్టి ఆ జీవుడు ముందుకే వెళతాడని మాత్రం సిద్ధాంతానికి విరోధం లేకుండా చెప్పవచ్చు. అది తిరిగి అదే ఇంట పుడుతుందా అన్నదాన్ని వెతికే ప్రయత్నం, జ్యోతిష్కులను అడిగే ప్రయత్నం మానుకోవడం మేలు.

స్మారకం నిలపాలన్న కోరిక మాత్రం పాతదే. కర్ణాటకలోని ఆతకూరులో దొరికిన పదో శతాబ్దపు శాసనం, అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్కకు రాయి నిలిపి, దానికి పూజ జరిపించడానికి భూమి ఇచ్చిన సంగతి చెబుతుంది. యుద్ధంలో చూపిన పరాక్రమానికి మెచ్చి గంగరాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమంటే, మణలేరుడనే వీరుడు అడిగి తీసుకొన్న కుక్క అది.

ఫొటో పూజగదిలో వద్దు. చనిపోయిన తల్లిదండ్రుల పటాలను కూడా దేవతాపటాల వరుసలో ఉంచకపోవడం ఇళ్లలో పాటించే ఆచారం కాబట్టి, కుక్క ఫొటోకు హాలులోనో చదువుగదిలోనో చోటు చూడవచ్చు. ఏటా ఆ రోజున ఏదైనా చేయాలనిపిస్తే తద్దినం పేరుతో కాకుండా వీధికుక్కలకు అన్నం, నీళ్లు పెట్టవచ్చు, లేదా జంతు వైద్యశాలకు మందుల ఖర్చు ఇవ్వవచ్చు. మరో కుక్కపిల్లను తెచ్చుకోవడానికి ఇన్ని నెలలు ఆగాలన్న నియమం ఏదీ లేదు. దాన్ని పద్నాలుగేళ్లు చూసుకొనే ఓపిక ఇంట్లో ఎవరికి ఉందో ముందుగా తేల్చుకొంటే చాలు.