చుక్కలున్న రోడ్లు

మ్యాపులన్నిట్లోకీ అందవికారమైనది నాకు అన్నిటికంటే ఇష్టం. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ వాహనాల కోసం ఉచితంగా ఇచ్చే మ్యాపు అది. ఉత్త నలుపు తెలుపు. కొండల ఎత్తుపల్లాలు ఉండవు, పచ్చరంగు ఉండదు. గీతలు, వాటికి నెంబర్లు, కొన్ని రోడ్లకు అటూ ఇటూ సన్నటి చుక్కలు. చుక్కలున్నచోట బండి పక్కకు దించి గుడారం వేసుకోవచ్చని అర్థం. గేటు లేదు, రుసుము లేదు, బుకింగ్ లేదు, పేరడిగేవాడు లేడు. కుళాయి, మరుగుదొడ్డి కూడా లేవనుకోండి! డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటే ఇదే.

1905లో ఏర్పడిన ఆ ఫారెస్ట్ సర్వీస్ చేతిలో దేశమంతటా దాదాపు 19.3 కోట్ల ఎకరాలున్నాయి. వీసా మీద వచ్చి, అద్దె ఇంట్లో ఉంటూ, ఇక్కడ సెంటు భూమి లేని మనిషి కూడా ఆ అడవుల్లో ఒకచోట, సాధారణంగా 14 రోజుల దాకా, మకాం పెట్టవచ్చు. ఆ తర్వాత లేచి కదలాలి. అదీ న్యాయమే. నేను మకాం వేసే, కొలరాడోలోని శాన్ హువాన్ కొండల్లో యూట్ ఆదివాసులు కూడా ఇలా కదులుతూనే, తరతరాలుగా వేసవికి పైకెక్కి, చలికి కిందికి దిగేవారు. 1873 నాటి ఒప్పందంతో ఇవి వాళ్లకు దక్కకుండా పోయాయి. గనుల కోసం లాక్కున్నారనడమే సరైన మాట. ఇంత ఉదారమైన నేలను పొగుడుతూ ఆ సంగతి మింగేయకూడదు.

తారురోడ్డు అయిపోయి కంకర మొదలైన చోట జనం ఆగిపోతారు. అక్కడ జనరేటర్లు, పాటలు. ఇంకొన్ని మలుపులు ఓపిక పట్టాలి. అప్పుడొస్తాయి ఆస్పెన్ చెట్లు, తెల్లటి మానులతో. మన రావిచెట్టులాగే గాలి ఉందో లేదో తెలియని వేళ కూడా వీటి ఆకులు గలగలమంటాయి. ఆకు కాడ పక్కల నుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉండటమే కారణం. తోపంతా చాలాసార్లు ఒకే వేరు నుంచి లేచిన ఒకే ప్రాణి. వందల మానుల మధ్య కూర్చున్నామనుకుంటాం గానీ, ఉన్నది ఒక్క చెట్టు దగ్గర! ఉన్నట్టుండి చెవి పక్కనుంచి ఈల దూసుకుపోతుంది. హమ్మింగ్‌బర్డ్. ఆ ఈల గొంతుది కాదు, మగపక్షి రెక్కలది.

ఈ నీడలోనే ఉండిపోదామంటే ఉద్యోగం ఒప్పుకోదు. నా పనంతా ఉపగ్రహ ఇంటర్నెట్ మీదే. దాన్ని అందించే స్టార్‌లింక్ పళ్లేనికి ఆకాశం తెరిపిగా కనబడాలి, ముఖ్యంగా ఉత్తరం వైపు. ఒక్క స్ప్రూస్ చెట్టు అడ్డొచ్చినా మాట తెగిపోతుంది. అందుకే నేను వెతికేది చెట్ల అంచు: వీపుకు నీడ, పళ్లేనికి ఆకాశం, వాగుకు కనీసం 200 అడుగుల దూరం. దొరికాక జరిగే వింతకు అలవాటు పడలేను. నా మాట వందల కిలోమీటర్లు పైకెక్కి, దిగి, హైదరాబాద్‌లో ఎవరి చెవిలోనో పడుతుంది. నా ముందు మాత్రం అడవి ఏమీ జరగనట్టే ఉంటుంది. జూలైలో మధ్యాహ్నాలు ఉరుములవి కాబట్టి ముఖ్యమైన పనులన్నీ పొద్దున్నే. ఇక్కడ ఏడున్నరైతే అక్కడ సాయంత్రం ఏడు.

ఆ వేళకే పొయ్యి మీద పప్పు. పదివేల అడుగుల ఎత్తులో నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. ఉత్త గిన్నెలో కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. అందుకే బండిలోకి గుడారం కంటే ముందు కుక్కర్ ఎక్కుతుంది. ఇంగువ తాలింపు నల్ల ఎలుగుబంటికి నచ్చుతుందో లేదో తెలుసుకోవాలన్న కుతూహలం నాకు లేదు. తినగానే గిన్నెలు కడిగి, తిండి సామాన్లన్నీ బండిలో పెట్టి తాళం వేస్తాను. మీటింగ్ మధ్యలో కుక్కర్ కూస్తే అవతల ఎవరో ఒకరు మ్యూట్ తీసి, "ఎన్నోది అన్నా?" అంటారు. "రెండు. ఇంకోటి రావాలి" అని చెప్పి, పని సంగతుల్లోకి దిగుతాను.