వేలంలో కొన్నది ఎవరిది?

వేలం అనే మాట పోర్చుగీసు వర్తకుల వెంట మన తీరానికి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. దానికి వెర్రిని జతచేసి 'వేలంవెర్రి' అనే జాతీయాన్ని కల్పించుకున్నది మాత్రం మనమే. వస్తువు మీద మక్కువతో కాక, పక్కవాడు చేయి ఎత్తాడు కనుక తానూ ఎత్తే మనిషిని మన పూర్వులు ఎంత నిశితంగా గమనించి ఉండాలి! నేడు ఆ చేయి ఎత్తవలసిన అవసరం కూడా లేదు. మార్కమ్‌లో మన ఇంటి సోఫాలో కూర్చుని, అర్ధరాత్రి దాటాక, ఫోను తెర మీద వేలు కదిపితే చాలును. పాత గడియారాలు, నాణేలు, ఇత్తడి విగ్రహాలు, హాకీ కార్డులు, క్రీడాకారుల సంతకాలున్న చొక్కాలు మొదలైనవన్నీ అక్కడ పాటకు వస్తాయి. మన సమాజంలోనూ ఈ అభిరుచి కలవారు పెరుగుతున్నారు. ఇది తప్పా, ఒప్పా అని తేల్చడం మా ఉద్దేశం కాదు. వేలంలో ధర చెల్లించినప్పుడు మనం నిజంగా దేనిని కొంటున్నాము, కొన్న పిమ్మట అది ఎంతమేరకు మనది అన్నదే మా ప్రశ్న.

ఆలయ సంస్కృతికి వేలం కొత్తది కాదు. హైదరాబాదు శివారులోని బాలాపూర్‌లో గణేశుని లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై, 2025లో 35 లక్షలకు చేరిన సంగతి పాఠకులకు తెలిసినదే. దానిని వట్టి ఆడంబరమని తీసివేసేవారున్నారు. ఆ మాటలో కొంత నిజమూ ఉన్నది. అయితే అక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. పాడుకున్నవాడు ఆ లడ్డూను అద్దాల బీరువాలో దాచుకోడు. నలుగురికీ పంచుతాడు, కొంత తన పొలంలో చల్లుతాడు. వచ్చిన సొమ్ము ఊరి పనులకు వెళుతుంది. లక్షలు పోసి కొన్న వస్తువు కొద్ది రోజులలోనే లేకుండా పోతుంది. అతడు కొన్నది వస్తువును కాదు, దానిని పంచే అధికారాన్ని.

ఇక మనం స్థిరపడిన ఈ దేశపు కథ ఒకటి. 1972 సెప్టెంబరు 28న మాస్కోలో కెనడా, సోవియట్ యూనియన్ జట్ల మధ్య ఎనిమిదవ హాకీ పోటీ జరిగింది. ఆట ముగియడానికి 34 సెకన్లు మిగిలి ఉండగా పాల్ హెండర్సన్ వేసిన గోలుతో కెనడా 6-5 తేడాతో గెలిచింది. నాడు బడులలో పాఠాలు ఆపి పిల్లలకు ఆ పోటీని చూపించారని ఇక్కడి పెద్దవారు నేటికీ చెప్పుకుంటారు. ఆనాడు హెండర్సన్ తొడిగిన 19వ సంఖ్య చొక్కాను ఆయన జట్టు సహాయకునికి ఇచ్చివేశాడు. అది చేతులు మారి అమెరికాలోని ఒక సేకర్త వద్దకు చేరింది. 2010లో వేలానికి వచ్చినప్పుడు ఒక కెనడా వ్యాపారి 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించి దానిని ఈ దేశానికి తిరిగి రప్పించి, ఊరూరా తిప్పి ప్రజలకు చూపించాడు.

ఈ వృత్తాంతంలో చొక్కా బట్టకు ఉన్న విలువ ఎంత? దుకాణంలో అటువంటిదే కొత్తది దొరుకుతుంది. 12 లక్షలూ ఆ 34 సెకన్లకు చెల్లినవి. అయితే ఆ క్షణాలు హెండర్సన్‌వి మాత్రమేనా? బంతిని అందించిన తోటివారివి కావా అని అడగబోయి, ఇక్కడ బంతికి బదులు 'పక్' అనే రబ్బరు బిళ్ళ ఉంటుందని మన పిల్లలు మమ్మల్ని సరిదిద్దుతారు. సరే, బిళ్ళనే అందించారనుకుందాం. రేడియో చుట్టూ, టెలివిజన్ చుట్టూ ఊపిరి బిగబట్టిన జనులందరి భాగమూ ఆ క్షణంలో ఉన్నది. కొన్నవాడు దానిని తన గోడకే పరిమితం చేసి ఉంటే చట్టం తప్పుపట్టదు. అయినా అతడు ఊరూరా తిప్పాడు. అందరి జ్ఞాపకం తన చేతికి వచ్చిందని అతనికి తోచి ఉంటుందని మేము భావిస్తున్నాము.

ఈ భావనకు మన వద్ద అతి ప్రాచీనమైన రూపం ఉన్నది. భరతుడు అన్నగారి పాదుకలను తెచ్చుకున్నాడు. మహనీయుడు ధరించిన వస్తువును భద్రపరచడం అనే నేటి సేకర్త ప్రవృత్తికి అంతకంటె గొప్ప ఉదాహరణ ఏముంటుంది? కాని భరతుడు వాటిని సొంతం చేసుకోలేదు. సింహాసనం మీద నిలిపి, తాను నందిగ్రామంలో క్రింద కూర్చుని, పదునాలుగేండ్లు లెక్క చూసి, తిరిగి వచ్చినవాని పాదాలకే తొడిగాడు. వస్తువు పైన, సంరక్షకుడు క్రింద. సేకర్తల ఇళ్ళలో సాధారణంగా ఈ వరుస తారుమారవుతుంది. వస్తువు యజమాని గొప్పను చాటే సాధనమవుతుంది.

మన తెలుగు కుటుంబంలో నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేశాడు. వాటిలో 11 సిక్సర్లు. ఆ ఆటకు మెచ్చి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. అటువంటి వస్తువు రేపు వేలానికి వస్తే దానికి రెండు ధరలు ఉంటాయి. కంసాలి తూచి చెప్పే వెండి ధర ఒకటి. పరాయి పాలనలో ఉన్న జనం, పాలకుల ఆటలోనే తమవాడు వారిని మించడం కళ్ళారా చూసిన ఆ మధ్యాహ్నపు ధర రెండవది. ఈ రెండవదానిని తూచే త్రాసు లేదు కనుకనే వేలం అవసరమైంది. వేలం చెప్పగలిగేది ఒక్కటే: ఆ రోజున, ఆ గదిలో, ఇద్దరు మనుష్యులలో ఎవరి కోరిక ముందుగా అలసిపోయిందన్నది. దానినే విలువ అనుకోవడంలో చిక్కు మొదలవుతుంది.

ఆ చిక్కు ఎంతవరకు పోగలదో ఒక అట్టముక్క చూపించింది. 1909 ప్రాంతంలో అమెరికాలో సిగరెట్టు పెట్టెలలో పెట్టి ఇచ్చిన బేస్‌బాల్ క్రీడాకారుల బొమ్మల కార్డులలో హోనస్ వాగ్నర్ బొమ్మ మిక్కిలి అరుదైనది. వాటిలో అన్నింటికంటె చక్కగా నిలిచిన ప్రతిని 1991లో ఈ దేశపు హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ, మరొక భాగస్వామితో కలిసి, 4,51,000 డాలర్లకు కొన్నాడు. అది చేతులు మారుతూ 2007 నాటికి 28 లక్షల డాలర్లు పలికింది. 2013లో ఆ కార్డును తొలినాళ్ళలో అమ్మిన వర్తకుడు న్యాయస్థానంలో ఒప్పుకున్నాడు: దాని అంచులను తానే కత్తిరించి తీర్చిదిద్దాడట. నిర్దోషంగా కనబడాలన్న ఆశతో నిజమైన అంచులనే కోసివేశాడు. నూరేండ్ల వస్తువుకు నలిగిన అంచులు ఉండడమే సహజం. ముడతలు లేని ముసలితనాన్ని కోరేవారికి మోసగాళ్ళు దొరకడంలో వింత లేదు.

అసలైన వస్తువే అయినా, అమ్మినవాడికి అమ్మే హక్కు ఉన్నదా అన్నది మరింత లోతైన ప్రశ్న. మన ధర్మశాస్త్రాలు వ్యవహారాలను పదునెనిమిది పదాలుగా విభజించాయి. వాటిలో 'నిక్షేపం' ఒకటి: ఇతరులు నమ్మి మన వద్ద దాచిన సొత్తు. 'అస్వామివిక్రయం' మరొకటి: సొంతదారు కానివాడు అమ్మడం. పదమూడవ శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరము' ద్వారా ఈ వ్యవహారశాస్త్రాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. స్మృతుల తీర్పు స్థూలంగా ఇది: బహిరంగంగా, సరియైన ధరకు కొన్నవాడు దొంగ కాడు, శిక్షార్హుడు కాడు, అయినా వస్తువు అసలు స్వామికే చెందుతుంది. చాటుగా, అకాలంలో, అతి చౌకగా కొన్నవానిని మాత్రం దొంగతో సమానంగా చూడాలి. ఈ నియమాన్ని నేటి వేలంశాలల ద్వారాల మీద వ్రాయించినా తప్పులేదు.

ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధక్షేత్రం ఉన్నది. అక్కడి నుండి దొంగిలించబడిన ఒక సున్నపురాతి శిల్పం, బుద్ధుని ఆరాధకులను చూపేది, న్యూయార్కు వర్తకుల ద్వారా 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. అది చందవరంలో ఉండగా తీసిన ఛాయాచిత్రాలు బయటపడ్డాక, 2016లో భారతదేశానికి తిరిగి వచ్చింది.

కెనడాకు నేరుగా సంబంధించిన ఉదంతం ఇంకా విలక్షణమైనది. తంజావూరు ప్రాంతపు పత్తూరులోని ఒక నటరాజ విగ్రహాన్ని 1982లో లండనులో అల్బర్టాకు చెందిన సంస్థ ఒకటి మంచి నమ్మకంతోనే కొన్నది. లండను పోలీసులు దానిని పట్టుకోగా, వ్యాజ్యం నడిచింది. అందులో హక్కుదారుగా నిలిచినవారిలో శిథిలమైన ఆ గుడి కూడా ఉన్నది. గుడికి న్యాయస్థానంలో మాట్లాడే అర్హత ఉన్నదా అని ఆంగ్లేయ న్యాయమూర్తులు విచారించి, ఉన్నదని 1991లో అప్పీలు తీర్పులో నిర్ణయించారు. కొన్నవారు దొంగలు కారు. వస్తువు మాత్రం స్వామిది. స్మృతుల తీర్పు ఇంగ్లీషు భాషలో వినబడినట్లుంది.

మన రెజైనా విశ్వవిద్యాలయపు కళాశాలలో చాలా ఏండ్లుగా విష్ణువన్న పేరుతో ఉన్న ఒక చిన్న విగ్రహం అసలు అన్నపూర్ణాదేవిదని 2019లో ఒక కళాకారిణి గుర్తించింది. ఒక చేత పాయసపు గిన్నె, మరొక చేత గరిటె. వారణాసి నుండి అపహరించబడిన ఆ తల్లి 2021 నవంబరులో కాశీ విశ్వనాథాలయంలో తిరిగి ప్రతిష్ఠితురాలైంది. ఏండ్ల తరబడి తప్పు పేరుతో ఉండడం కూడా ఒక రకమైన అజ్ఞాతవాసమే.

ఇంతమాత్రాన సేకర్తలందరినీ నిందించడం న్యాయం కాదు. మూడవ సాలార్‌జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా వస్తువులు కూడబెట్టాడు. 1949లో సంతానం లేకుండా మరణించాడు. 1951లో ఆ సంపద ప్రజలకు తెరవబడింది, 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థ అయింది. చిన్ననాడు మేళం గడియారం ముందు గంట కొట్టే బొమ్మ కోసం ఎదురుచూసిన మనలో ఎందరికి ఆ నవాబు పేరు గుర్తున్నది? దాచేవారు లేకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. ఒలింపిక్ హాకీలో మూడు స్వర్ణాలు గెలిచిన బల్బీర్ సింగ్ సీనియర్ 1985లో తన పతకాలు, 1956 నాటి కోటు, ఛాయాచిత్రాలు ప్రదర్శనశాల కోసం ప్రభుత్వానికి అప్పగించగా, అవి కనబడకుండా పోయాయి. ఆయన 2020లో కన్నుమూసేవరకు అవి దొరకలేదు. డబ్బు పెట్టి కొన్న స్వార్థపరుడు జాగ్రత్తగా చూసుకునేవాడేమో అనిపిస్తే ఆ ఆలోచనను తప్పుపట్టలేము. వస్తువు అందరిదీ అంటూ ఎవరిదీ కాకుండా చేయడం కూడా ద్రోహమే.

ఇదంతా లక్షల డాలర్లవారి గొడవ అనుకోనక్కరలేదు. మార్కమ్‌లోని మన ఇళ్ళలో తొలితరంవారు పెద్ద ఇళ్ళు విడిచి చిన్న నివాసాలకు మారుతున్నారు. కొందరు వెళ్ళిపోయారు. పిల్లలకు వారి వస్తువులు అర్థం కావు. అర్థమైనా చోటు ఉండదు. వేలంవారిని పిలిస్తే ఒక్క రోజులో ఇల్లు ఖాళీ చేస్తారు. దీపపుసెమ్మె, పంచలోహ విగ్రహం, తాతగారి కాలేజీ కబడ్డీ కప్పు అన్నీ 'భారతీయ ఇత్తడి సామాను, ఒక పెట్టె' అనే ఒక్క వరుసలో పాటకు వస్తాయి. పూజలందుకున్న విగ్రహాన్ని తూకానికి పంపడానికి మనసొప్పనివారు పురోహితులను సంప్రదించి ఉద్వాసన చెప్పించుకుంటున్నారు, లేదా పూజించే మరొక ఇంటికి అప్పగిస్తున్నారు. ఇది మంచి పద్ధతి. కొనే ప్రక్కన ఉన్నవారు కూడా తెలుసుకోవలసినది ఉన్నది: 1972 నాటి భారత చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన పురావస్తువులను, 75 ఏండ్లు దాటిన విలువగల వ్రాతప్రతులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. ఊరి నుండి వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకుని వచ్చిన పాత తాళపత్రాల కట్టకూ ఇది వర్తించవచ్చు.

కొనేవారు అడగవలసిన ప్రశ్న ధర కంటె ముందుది: ఇది ఎవరి ఇంటి నుండి, ఏ చేతుల మీదుగా వచ్చింది? సమాధానం చెప్పలేని అమ్మకందారు వద్ద ఎంత చౌక అయినా వదులుకోవాలని మా అభిప్రాయం. అమ్మేవారు చేయగలిగినది కూడా అంతే సులభం. కప్పు ఎక్కడ గెలిచినది, సెమ్మె ఎవరి పెండ్లిలో వచ్చినది అని ఒక కాగితం మీద వ్రాసి లోపల పెట్టవచ్చు. మన పూర్వులు ఈ పని కాగితం లేకుండానే చేశారు. పుట్టింటివారు ఇచ్చిన ప్రతి బిందె అంచు మీదా, ప్రతి చెంబు మెడ మీదా చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు, అమ్మాయి పేరు, తేదీ కొట్టించేవారు. ఈ ప్రాంతపు పాతసామాను అంగళ్ళలో ఇత్తడి చెంబు కనబడితే, ఒకసారి దానిని వెలుగుకు త్రిప్పి, ఆ చుక్కలను వ్రేలితో తడిమి, ఆ పేరు చదవండి.