అనుకరణకు ఆత్మ ఉంటుందా?

గిటార్ పట్టిన కొన్నేళ్లకు నేర్చుకునేవారికి ఒక చిక్కు దశ వస్తుంది. కార్డ్‌లు తడబడకుండా మారుతుంటాయి. ఒకటి రెండు స్కేళ్లు చేతికి అబ్బుతాయి. ఎవరైనా పాడుతుంటే తోడుగా వాయించడమూ వచ్చేస్తుంది. తీరా సోలో వాయించమంటే మాత్రం స్కేలు ఎక్కి దిగడమే గాని అందులో ప్రాణం పలకదు. అమెరికన్ కంట్రీ సంగీతంలో దీనికి చాలాకాలంగా వాడుకలో ఉన్న మందు ఒకటుంది. జేమ్స్ బర్టన్, డాన్ రిచ్, రాయ్ నికోల్స్, గ్రేడీ మార్టిన్ వంటివారు పాత రికార్డుల మీద వాయించిన సోలోలను ఒక్క స్వరం పొల్లుపోకుండా దించుకోవడం.

ఈ మందు మింగడం మొదలుపెట్టగానే ఓ పాత తాత్విక ప్రశ్న ఎదురవుతుంది. ఇంకొకరు కూర్చిన స్వరాలను ఉన్నవి ఉన్నట్టు వాయిస్తే ఆ సంగీతం ఎవరిది? వాయించేవాడు కళాకారుడా, ఉత్త అద్దమా?

ప్లేటోను అడిగితే కటువుగానే జవాబిస్తాడు. ‘రిపబ్లిక్’ పదో భాగంలో ఆయన చిత్రకారుణ్ణి సత్యానికి మూడు మెట్ల దూరాన నిలబెట్టాడు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’లో వేరే దారి పట్టాడు. మనిషి చిన్ననాటి నుంచీ అనుకరిస్తాడు, తొలి పాఠాలన్నీ అలాగే నేరుస్తాడు, మిగతా జీవులకూ అతనికీ తేడా అదే అన్నాడు. సంగీతం చేతబట్టిన ఎవరికైనా శిష్యుడి మాటే అనుభవానికి దగ్గరగా ఉంటుంది.

అయితే ఈ ప్రశ్నను అందరికంటే సూక్ష్మంగా విడదీసినవాడు తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు. ఒక కవి రచనకు ఇంకొకరి రచనతో పోలిక కుదరడాన్ని ఆయన ‘ధ్వన్యాలోకం’ నాలుగో ఉద్ద్యోతంలో మూడు రకాలు చేశాడు. మొదటిది అద్దంలో నీడలాంటిది, దానికి సొంత ఆత్మ లేదు. రెండోది బొమ్మ గీసినట్టుండేది, ఆత్మ ఉన్నా అది చాలా తక్కువ. మూడోది ఒకే రూపురేఖలున్న ఇద్దరు మనుషుల మధ్య ఉండే పోలిక. ఈ మూడోదాన్ని కవి వదులుకోనక్కర్లేదన్నాడు. రూపం కలిసినా ఎవరి ప్రాణం వారిదే కదా.

ఆ కొలతతో ఒక సోలోను చూద్దాం. 1961లో వచ్చిన రికీ నెల్సన్ పాట ‘హలో మేరీ లూ’లో బర్టన్ వాయించిన సోలో నిడివిలో చిన్నది, కష్టంలో చిన్నది కాదు. బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య మామూలు పిక్, మధ్యవేలికి తొడిగిన ఫింగర్‌పిక్: బర్టన్ కుడిచేతి పద్ధతి అది. పిక్ కొట్టిన స్వరమూ వేలు లాగి వదిలిన స్వరమూ ఒకేలా పలకవు. మొదటిది మెత్తగా అణిగితే రెండోది టప్పున చిట్లుతుంది. కంట్రీ గిటార్‌లో ‘చికెన్ పికిన్’ అనే ఒరవడికి ఆ తేడాయే ఆయువుపట్టు. ట్యాబ్ చూసి వాయించేవారికి ఏ తీగ, ఏ ఫ్రెట్ అన్నది దొరుకుతుంది, ఈ తేడా దొరకదు. అది చెవితోనే పట్టుకోవాలి. ఒకప్పుడు ఎల్పీ రికార్డును 33 వేగం నుంచి 16కు తగ్గించి, ఒక స్థాయి కిందికి దిగిన ఆ స్వరాలను వింటూ పట్టుకునేవారు. ఇప్పుడు శ్రుతి మారకుండానే వేగం తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉంది. శ్రమ తగ్గింది గాని వినాల్సిన పని తప్పలేదు.

సగటు విద్యార్థి బలహీనత ఇక్కడే బయటపడుతుంది. సోలోలో సులువైన సగం నేర్చుకుంటాడు. చేయి తిరగని చోటికి రాగానే తనకు ముందే వచ్చిన ముక్క ఒకటి అతికించి, ఇది నా శైలి అనుకుంటాడు. అది శైలి కాదు, చేతకాని చోటును కప్పిపుచ్చడం. ఉన్నదున్నట్టు వాయించడంలో ఉన్న అసలు క్రమశిక్షణ కొంతకాలం ‘నేను’ను పక్కన పెట్టడమే. ఉపాసన చేసేవారికి ఈ మాట కొత్తగా తోచదు. ఆనందవర్ధనుడు అద్దపు నీడను వద్దన్నది లోకానికి కావ్యం ఇచ్చే కవికి. అభ్యాసం చేసేవాడికి ఆ అద్దం దాటి తీరాల్సిన మెట్టు.

మరి ఆ మెట్టు దాటాక ఏమవుతుంది? కంట్రీ గిటారిస్టు చెట్ అట్కిన్స్ కథను మించిన జవాబు లేదు. 1930ల చివర, జార్జియాలో తండ్రి దగ్గర ఉంటున్న ఆ కుర్రాడు సిన్సినాటి నగరపు డబ్ల్యూఎల్‌డబ్ల్యూ రేడియోలో మెర్ల్ ట్రావిస్ గిటార్ విన్నాడు. మంద్ర తీగల మీద నడక, పైతీగల మీద పాట, రెండూ ఒక్క మనిషే వాయిస్తున్నాడు. ట్రావిస్ చేతిని చూసే అవకాశం లేదు. నిజానికి ట్రావిస్ వాడింది బొటనవేలు, చూపుడువేలు మాత్రమే. ఇన్ని స్వరాలు రెండు వేళ్లతో ఎలా సాధ్యమనుకున్న అట్కిన్స్ బొటనవేలితో పాటు మరో రెండు మూడు వేళ్లను సాధన చేశాడు. అచ్చం ట్రావిస్‌లా వాయించాలన్న పట్టుదలే ఆయన్ను ట్రావిస్ కాని మనిషిని చేసింది. ఆయన వేరు కావాలని వేరు కాలేదు. నిజాయితీగా అనుకరించగా మిగిలిపోయిన ఆ తేడానే లోకం అట్కిన్స్ శైలి అంది. కూతురికి మెర్ల్ అని పేరు పెట్టుకున్న ఆ శిష్యుడు 1974లో ట్రావిస్‌తో కలిసి ఆల్బమ్ కూడా చేశాడు. దానికి గ్రామీ వచ్చింది.

వాద్యాల మధ్య కూడా ఇదే జరిగింది. తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించే స్టీల్ గిటార్ హవాయి దీవుల నుంచి వచ్చింది. దానికి పెడళ్లు తగిలించారు. 1954లో వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’లో బడ్ ఐజాక్స్ పెడల్ తొక్కగానే మోగుతున్న కార్డ్‌లో స్వరాలు పాకుతూ పైకెళ్లాయి. ఆ ధ్వని కోసం మామూలు గిటార్ వాళ్లు వేళ్లతో తంటాలు పడ్డారు. మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్ దగ్గర ఉంగరపు వేలు, మొదటి తీగ పదో ఫ్రెట్ దగ్గర చిటికెన వేలు ఉంచాలి. మూడో తీగను రెండు ఫ్రెట్ల ఎత్తుకు వంచుతుంటే మొదటి తీగ మాత్రం కదలకూడదు. వంపు వెంట్రుకవాసి తగ్గినా డి కార్డ్ అపశ్రుతి అవుతుంది. గమకం తెలిసిన తెలుగు చెవి ఆ లోటును ఇట్టే పట్టేస్తుంది. క్లారెన్స్ వైట్, జీన్ పార్సన్స్ అనే ఇద్దరు సంగీతకారులు ఇంకో అడుగు ముందుకేసి, భుజాన ఉన్న పట్టీని లాగితే రెండో తీగ శ్రుతి పెరిగే బి-బెండర్ అమర్చారు. ఈ గిటార్లు ఎంత ప్రయత్నించినా పెడల్ స్టీల్ కాలేదు. కానందువల్లే వాటికంటూ ఒక గొంతు వచ్చింది. ఆనందవర్ధనుడు చెప్పిన మూడో పోలిక అంటే ఇదే.

మనవైపు దీనికి దగ్గరి ఉదాహరణ పాలకొల్లులో ఉంది. 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాయించి నేర్పలేదు, పాడి నేర్పారు. గొంతు పలికినదాన్ని ఆ పిల్లవాడు తీగ మీదికి తెచ్చుకున్నాడు. వేళ్లకు నకలు తీసే నమూనా లేకపోవడంతో దారి ఆయనే వెతుక్కోవాల్సి వచ్చింది. కంట్రీ సోలో నేర్చుకునేవారు కూడా గిటార్ ముట్టకముందు ఆ సోలోను నోటితో పాడగలిగితే సగం పని అయినట్టే. గొంతులోకి దిగనిది వేళ్లలోకి దిగడం అరుదు.

ఇక ‘ఎవరిది?’ అన్న ప్రశ్నకు ఇంకో ముఖం ఉంది, అది రుణానిది. ట్రావిస్ పద్ధతి ట్రావిస్‌తో మొదలు కాలేదు. కెంటకీ బొగ్గుగనుల సీమలో ఆయనకు మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీ నేర్పారు. వాళ్లకు కెనడీ జోన్స్ నుంచి వచ్చింది. ఆ దారిలో ఇంకా వెనక్కి పోతే ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి సంగీతకారుడు కనిపిస్తాడు. ‘హలో మేరీ లూ’ రికార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కూడా నెల్సన్‌దే, బర్టన్‌ది కాదు. ఇంకొకరి స్వరాలను తన వేళ్లలోకి తెచ్చుకునేవాడు వాటి వెనకున్న మనుషుల పేర్లు కూడా తెచ్చుకోవాలి. ఏదైనా ఒక్క సోలో ఎంచుకుని, చేయి తిరగని చోటును వదలకుండా చివరిదాకా నేర్చుకోండి. వాయించేముందు అది ఎవరిదో వినేవారికి చెప్పండి. షుల్ట్జ్ 1931లో చనిపోయాడు. ఆయన వాయించినది ఒక్క రికార్డు కూడా లేదు. నేర్చుకున్నవాళ్లు పేరు చెప్పబట్టే ఆయన ఉన్నాడని ఈ రోజు తెలుస్తోంది.