వెట్టి వేఱు, కాయకము వేఱు

భూస్వామ్యమనగానే పెద్ద గడీయు, వేల యెకరముల పొలమును మన కన్నులకు గట్టును. కాని భూమి విస్తారముగా నుండుట మాత్రమే భూస్వామ్యము కాదు. కూలి యిచ్చి తోటలు సాగుచేయించువానిని ధనికుడందుము గాని దొర యనము. భూమితోపాటు, దానిపై బ్రతుకు మనుష్యుని పనిపై, మాటపై, మర్యాదపై కూడ హక్కు సంక్రమించినప్పుడే అది భూస్వామ్యమగును.

మధ్యయుగపు ఐరోపాలో రాజు ప్రభువునకు భూమి నిచ్చెను. ప్రభువు రాజునకు సేన నిచ్చెను. ఇద్దఱి బరువును మోసినవాడు పొలము విడిచిపోవు స్వేచ్ఛలేని సేద్యగాడు. మన దేశమున అట్టిదే యుండెనా? ఉండెనని ఆర్. ఎస్. శర్మ 1965లో గ్రంథము వ్రాసిరి. హర్బన్స్ ముఖియా తరువాత సందేహించిరి. ఆ వాదమును పండితులకు విడుతము. సామంతుడనగా మొదట పొరుగురాజనియే యర్థము, పిమ్మట లొంగిన రాజయ్యెను. సగము చరిత్ర ఆ మాటలోనే యున్నది.

మనకు దగ్గఱి యుదాహరణము నిజాము రాజ్యము. అచ్చటి భూమిలో సుమారు 30 శాతము జాగీర్లు, 10 శాతము నిజాము సొంత సర్ఫేఖాసు. బసవేశ్వరులు మంత్రిగా నుండిన కల్యాణము సైతము ఆ కాలమున ఒక నవాబు జాగీరే! దివానీ గ్రామములలోను దేశముఖుల మాటయే చట్టము. కుమ్మరి కుండ, మాదిగ చెప్పు, చాకలి యుతుకు, వర్తకుని సరకు దొర యడిగినప్పుడు వెల లేకయో, అతడు విదిల్చిన వెలకో ఇయ్యవలసినదే. అప్పు తీర్చలేనివాడు భగేలాగా చాకిరి చేసెను. 1949లో జాగీర్లు రద్దయినవి. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది. ‘బాంచెన్ దొరా’ అను మాట నాలుకపైనుండి దిగుటకు మాత్రము చట్టములు చాలలేదు.

కుమ్మర గుండయ్యయు కుండలే చేసెను. శరణులు దానిని కాయకమనిరి. పని యొక్కటియే, భేదము కాదనగల స్వేచ్ఛలో నున్నది. కాయకము చేయువాని ఫలము వానిదే. అందులోనుండి దాసోహమునకు తానై యిచ్చును. వెట్టివాడు పుట్టుకచేతనే బద్ధుడు. కాదనినచో దెబ్బలు, ఊరివెలి. పనిని పూజయని పొగడి, పనిచేయువాని నోరు మూయుట దొరతనమునకు మిక్కిలి యనుకూలమైన ఉపాయము.

ఈ ప్రశ్న గడీలకే పరిమితము కాదు. మఠములకును ఇనాము భూములుండెను. వానిని దున్నినవాడు ఉత్సవమునకు కట్టెలు మోసినచో అది దాసోహమా, వెట్టియా? స్వాములు దయాళువులని చెప్పుట సమాధానము కాదు. దయగల దొరలును ఉండిరి. ఒక యేడు రానని యతడు చెప్పియుండినచో వాని కౌలు నిలిచెడిదా? మఠముల పాత లెక్కలలో వెదుకవచ్చును. అచ్చట దొరకనిచో, ఆ పొలము దున్నినవారి మనుమలు మన యూళ్లలోనే యున్నారు, వారిని అడుగవచ్చును.