తూచువాని ధర్మము

గుంటూరు మిరప యార్డునకు సరకు తెచ్చిన రైతు ధర వినుటకు ముందు కాటావైపు చూచును. పిదప బస్తానుండి పిడికెడు కాయ తీసి మచ్చు చూచువాని ముఖమువైపు చూచును. ఆ పిడికెటిలో తాలుకాయ ఎక్కువ పడినచో ఏడాది కష్టమంతయు తాలుక్రింద లెక్కకు వచ్చును. కావున తూకము సరిగా నున్నదా యను ప్రశ్నతోపాటు, తూచువాడు ఎవరి మనిషి యను ప్రశ్నయు రైతునకు సహజముగా పుట్టును. ఈ రెండవ ప్రశ్ననే మేము మరియొక తూకమును గూర్చి అడుగదలచితిమి.

నేడు ప్రజారోగ్యము, ఆపన్న సహాయము, గ్రామాభివృద్ధి అను కార్యములలో ధనమిచ్చువా రొకరు, పని చేయువారు మరియొకరు, ఆ పనివలన మేలు కలిగినదో లేదో పరీక్షించి చెప్పువారు వేరొకరు. ఈ మూడవ తెగవారిని కన్సల్టెంట్లనియు, మూల్యాంకన నిపుణులనియు పిలుచుచున్నారు. వీరు పల్లెకు వత్తురు, కొన్ని యిండ్లను మచ్చునకు ఎంచుకొందురు, ప్రశ్నలు వేయుదురు, నివేదిక వ్రాసి పోవుదురు. వీరికి కూలి యిచ్చువాడు దాత. వీరు తూచునది పేదవాని బ్రదుకు. ఇట్టి స్థితిలో వీరు ఎవరికి ఋణపడినవారు?

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1876-78 నాటి మహాక్షామములో, 1877 జనవరిలో, వైస్రాయి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డు టెంపులును మదరాసు రాజధానికి పరీక్షకునిగా పంపెను. టెంపులు తెలియనివాడు కాడు. 1873-74లో బీహారున కరువు వచ్చినపుడు బర్మానుండి బియ్యము తెప్పించి జనుల ప్రాణములు నిలిపినవాడే. అందులకు మెప్పునకు బదులు దుబారా చేసెనను నింద వచ్చెను. మదరాసునకు వచ్చునప్పటికి అతడు పొదుపు నేర్చుకొని వచ్చెను. పనిలోనున్న మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యపు ఖరీదును, పైన ఒక అణాయు చాలునని నిర్ణయించెను. మదరాసు శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిష్ దీనిని ఎదిరించెను. మన్ను మోయు శరీరమునకు ఎంత ఆహారము కావలెనో లెక్క చూపి, ఈ కూలి చాలదని వ్రాసెను. కొన్ని నెలలకు మదరాసు ప్రభుత్వము దానిని పెంచక తప్పినది కాదు. ఆ క్షామములోనే ఒంగోలు ప్రాంతపు పేదలు బకింగుహాము కాలువలో మన్ను త్రవ్వి పొట్ట పోసికొనిరి. పౌను, అణా అనునవి కచేరీలో అంకెలు. కాలువగట్టున అవి గంజిలోని మెతుకులు.

ఇందు గమనింపదగినది యొకటి కలదు. టెంపులును, కార్నిషును ఒకే ప్రభుత్వపు జీతము తినినవారు. ఇరువురును లెక్కలు వేసినవారే. కావున జీతము తినుటవలన పరీక్షకుడు చెడుననుటయు, లెక్కలు కరుణకు శత్రువులనుటయు రెండును పొరపాటే. ఒకడు పంపినవాని ముఖము చూచి తూచెను. ఒకడు తినువాని శరీరము చూచి తూచెను. భేదమంతయు ఇంతే.

అయితే సత్యము చెప్పుటతో పరీక్షకుని పని ముగియునా? నాడు నెల్లూరు జిల్లాలోనుండి, 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో, అనగా నేటి పేరున ప్రకాశము జిల్లాలో, చేరిన దర్శి, పొదిలి, కనిగిరి మెట్టప్రాంతములలో నడుములు వంగి, కీళ్లు బిగిసికొనిపోవు వ్యాధి యుండెను. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు చెందిన షార్టు, పండిట్, రాఘవాచారి గారలు పరిశోధించి, బావినీటిలోని ఫ్లోరైడే దీనికి కారణమని 1937లో ఇండియన్ మెడికల్ గెజెటులో ప్రకటించిరి. అది నిర్మలమైన సత్యము. శాస్త్రమునకు గొప్ప మేలు. కాని ఆ యింగ్లీషు పత్రిక ఆ నీరు త్రాగువాని చేతికి వచ్చునది కాదు. తరువాత ఎన్నియో తరములు గడచినవి. కనిగిరి ప్రాంతములో ఫ్లోరైడు నీటి బాధ నేటికిని కథగా మిగిలిపోలేదు. తెలిసిన సత్యమునకును తీరిన దాహమునకును నడుమ ఇంత దూర మున్నది.

1987-88లో తెల్లదోమ ప్రత్తిపంటను తినివేసినపుడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో కొందరు రైతులు అప్పుల పాలై ప్రాణములు తీసికొనిరి. ఎకరమునకు ఎన్ని క్వింటాళ్లని మాత్రమే అడుగు పట్టికలో పురుగుమందుల కొట్టునందలి బాకీకి గడి యుండదు. గడి లేనిచోట దుఃఖము లేనట్లే లెక్క. కావున అబద్ధము వ్రాయకుండుట చాలదు. ఏ ప్రశ్న అడుగక విడిచితిమో అదియు పరీక్షకుని పాపపుణ్యములలో చేరును.

ఇట్లు ఒరులకు చెప్పు మేము నిర్దోషులము కాము. మేమును ఒకప్పుడు ఒక సంస్థ పక్షమున ప్రశ్నపత్రములు పట్టుకొని మిరపకోతల కాలమున ఒక పల్లెకు పోయితిమి. ఒక కూలి ముసలమ్మను అరుగుమీద కూర్చుండబెట్టి రెండు గంటలు ప్రశ్నించితిమి. ఆమె కోతకు పోవలసిన పూట అది. తుదకు ఆమె, “అయ్యా, పోయినేడు గూడా ఎవరో వచ్చి ఇయ్యన్నీ రాసుకుపోయారు. ఆ కాగితంలో ఏముందో మాకెవరూ చెప్పలా. అది మా కాగితమా, వాళ్లదా?” అనెను. మేము ఏమియు చెప్పలేక లేచి వచ్చితిమి. నివేదికలో ఆమె యొక అంకె యయ్యెను. ఆ పూట కూలి ఆమెకు ఎవరును ఇయ్యలేదు, మేమును ఇయ్యలేదు.

దాత తన ధనమునకు లెక్క అడుగుట న్యాయమే యని కొందరందురు. న్యాయమే. కాని దాత ఇచ్చినది మిగులు; పేదవాడు ఇచ్చినది తన పూట, తన యింటి గుట్టు. ఇచ్చినవానికి లెక్క చెప్పవలెనన్నచో ఈ రెండవ దాతకును చెప్పవలసినదే. పల్లెవారు నిజము చెప్పరని మరికొందరందురు. మేలు కలుగలేదన్నచో రేపటి సహాయము ఆగునేమో యను భయ మున్నంతకాలము వారెట్లు చెప్పుదురు? ఆ భయమును పోగొట్టుట అడుగువాని పని.

దీనికి మార్గము మన రాష్ట్రములోనే కొంత కనబడినది. 2005 నాటి ఉపాధి హామీ చట్టములోని 17వ సెక్షను సామాజిక తనిఖీని గ్రామసభ చేతిలో పెట్టెను. 2006 నుండి ఆంధ్రప్రదేశములో మస్టరు పట్టీలను పల్లెలో బిగ్గరగా చదివి, ఈ పేరుగలవాడు పని చేసెనా, కూలి ముట్టెనా యని అందరి యెదుట అడిగిరి. అందును లోపము లున్నవి. ఊరి పెద్ద కూర్చున్న సభలో పేదవాని నోరు సులభముగా పెగలదు. ఐనను కాగితము ఎవరిదను ప్రశ్నకు అచ్చట ఒక సమాధానము దొరకినది.

ప్రతి పరీక్షకుడును తన నివేదికను దాతకు పంపుటకు ముందు, ఏ పల్లెలో మాటలు సేకరించెనో ఆ పల్లెలో తెలుగున చదివి వినిపింపవలెనని మేము కోరుచున్నాము. “ఇది కాదయ్యా జరిగినది” అని వారు దిద్దినచో ఆ దిద్దుబాటును చేర్చి పంపవలెను. ఖర్చు స్వల్పము, ధైర్యమే అధికము కావలెను. సరకు తెచ్చినవాడు చూచుచుండగా తూచుట యార్డులో మర్యాద. మనుష్యుల బ్రదుకును వారికి కనబడకుండ తూచుట ఏ మర్యాద?