ప్రయాణంలో విశ్రాంతి ఒక హక్కు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుండి ఎందరో సోదరులు బ్రతుకుతెరువు కోసం హైదరాబాదుకు, ఇంకా దూర నగరాలకు వెళుతుంటారు. పండుగకు తిరిగొచ్చేటప్పుడు తెల్లారేసరికి ఇల్లు చేరాలని డ్రైవరును తొందరపెడతాం. నిద్ర ముంచుకొస్తున్నా అతను బండి ఆపడు. ఇది ధర్మమేనా?

అల్లాహ్ ప్రయాణికునికి నాలుగు రకాతుల నమాజును రెండుకు తగ్గించాడు. రమజాన్ ఉపవాసాన్ని తర్వాత పూర్తిచేసుకునే సౌలభ్యం ఇచ్చాడు. పని ముగిశాక త్వరగా ఇల్లు చేరమని బోధించిన దైవప్రవక్త (స) గారే, పచ్చిక ఉన్న నేలపై సాగేటప్పుడు ఒంటెకు దాని హక్కు ఇవ్వమని, రాత్రి బస దారికి దూరంగా చేయమని కూడా బోధించారు.

మూగజీవికే హక్కు ఉన్నప్పుడు, మనల్ని గమ్యం చేర్చే మనిషికి ఉండదా? ఆలోచించండి. అతని కళ్ళు మూతపడుతుంటే, బండిని రోడ్డుకు దూరంగా ఆపించండి. గంట ఆలస్యాన్ని ఇంటివాళ్ళు మన్నిస్తారు.